సైకిల్ గ్రూపు నుంచి ఆమె వెళ్ళిపోయిన సంగతి అడ్మిన్‌గా నాకొక్కడికే తెలిసింది. ఇప్పుడు ఏం చేయాలి?

పటమట సైక్లిస్టు, విజయవాడ

నమస్కారం. ఆదివారం ఉదయాలు సైకిల్ తొక్కేవారి వాట్సాప్ గ్రూపు ఒకదానికి మూడేళ్ళుగా నేను అడ్మిన్‌గా ఉన్నాను. 112 మంది సభ్యులం. ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం మీదుగా ఉండవల్లి గుహల దాకా వెళ్ళి, టీ తాగి వెనక్కి రావడం మా అలవాటు. తాడేపల్లి వైపు చదువుకుంటున్న టాంజానియా విద్యార్థిని ఒకరు కిందటి దసరా తరువాత మాతో చేరారు.

పోయిన నెల పొగమంచులో బ్యారేజీ మీద దిగిన ఫోటోను గ్రూపులో పెట్టగా, ఆమెను ఉద్దేశించి ఒక సభ్యుడు "పళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి" అని తెలుగులో రాశారు. దాని కింద తొమ్మిది నవ్వు గుర్తులు పడ్డాయి. నేను నవ్వలేదు కానీ, ఒక్క మాట కూడా రాయలేదు. రెండు రోజులకు ఆమె గ్రూపు వదిలి వెళ్ళారు. 2022 నుంచి వాట్సాప్‌లో ఎవరైనా గ్రూపు వదిలితే ఆ కబురు అడ్మిన్లకే చేరుతుంది కాబట్టి, ఆమె ఇక లేరన్న సంగతే మిగిలినవారికి తెలియదు. మరుసటి ఆదివారం "ఆ అమ్మాయి రాలేదేం?" అని ఒకరు అడిగితే, "పరీక్షలేమో" అని ఇంకొకరు అన్నారు. నేను మాట్లాడకుండా హెల్మెట్ పట్టీ బిగించుకున్నాను.

ఆమెకు తెలుగు రాదు కదా అని ఆ సభ్యుడు అనుకుని ఉండవచ్చు. కానీ బస్టాపులో తనను చూసి జనం అనే మాటలను ఆమె ఒకసారి ఉచ్చారణ కూడా తప్పకుండా పలికి, వాటి అర్థం నన్ను అడిగారు. నేను సగమే చెప్పాను. మిగతా సగం ఆమె ఎవరినో అడిగి తెలుసుకునే ఉంటారు.

ఆమెను మళ్ళీ చేరమని అడగాలా, ముందు గ్రూపులో మాట్లాడాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

లక్ష్మీపురం, గుంటూరు

నేను పద్నాలుగేళ్ళు న్యూజెర్సీలో ఉండి వచ్చాను. 2013 సెప్టెంబరులో అట్లాంటిక్ సిటీలో నీనా దావులూరి మిస్ అమెరికాగా ఎంపికైన రాత్రి నాకు బాగా గుర్తుంది. తల్లిదండ్రులది విజయవాడ, ఆమె పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో. అయినా కిరీటం పెట్టిన కాసేపటికే ట్విట్టర్‌లో ఆమెను అరబ్బు అనీ, ఉగ్రవాది అనీ రాశారు. మా తెలుగు గ్రూపులన్నీ ఆ రాతలపై మండిపడ్డాయి. అదే వారంలో, ఆ ఛాయతో ఆమె ఇండియాలో అయితే అందాల పోటీ గెలిచేది కాదన్న చర్చ కూడా మనవాళ్ళ మధ్యనే నడిచింది. ఆ రెండు మాటలూ ఒకే ఫోనులో చదివినవాణ్ణి నేను.

మళ్ళీ చేరమని మొదటే అడగవద్దు. అలా అడిగితే మీ మనసు తేలికపరచే భారం ఆమె మీద పడుతుంది. ఆ రోజు మీరు మౌనంగా ఉన్నందుకు క్షమాపణ చెప్పి, జవాబు ఆశించడం లేదని రాయండి. తరువాత, ఆమె పేరు ఎత్తకుండా, ఆ వ్యాఖ్య ఎందుకు కూడదో గ్రూపులో మీ పేరుతోనే చెప్పండి.

సత్యనారాయణపురం, విజయవాడ

ఇందులో మరీ ఇంత బాధపడవలసినది ఉందా అని నా సందేహం. మన ఇళ్ళలో నల్లోడా, కర్రోడా అని ముద్దుగానే పిలుచుకుంటాం. మా మేనమామను ఊరంతా నల్లన్న అనే అంటారు. ఆఫ్రికావారు మనకు కొత్త కావడం వల్ల ఎవరో నోరు జారారంతే.

లక్ష్మీపురం, గుంటూరు

మీ మేనమామగారిని ఆ పేరుతో పిలిచేవారు ఆయన పెళ్ళికి పందిరి వేసినవారు, జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు అండి. ఈ అమ్మాయితో ఆ తొమ్మిది మందికి అంతటి చనువు లేదు. ఇక కొత్త అంటారా, హైదరాబాదులోని ఏసీ గార్డ్స్ అనే పేట పేరులో 'ఏసీ' అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం కాలపు ఆఫ్రికన్ అశ్వదళమే. సిద్దీలనే ఆ ఆఫ్రికా సంతతివారి వారసులు తరతరాలుగా అక్కడే ఉంటున్నారు.

బ్రాడీపేట, గుంటూరు

నేను పుట్టింది ఇంఫాల్‌లో. పెళ్ళయి గుంటూరు వచ్చి పదకొండేళ్ళయింది, తెలుగు ఇక్కడే నేర్చుకున్నాను.

2020 మార్చిలో రైతుబజారు వరుసలో నా వెనక ఉన్నవారు "కరోనా" అంటూ దూరం జరిగారు. ఈశాన్య రాష్ట్రాలవారిని అలా వేధించకుండా చూడాలని కేంద్ర హోం శాఖ ఆ నెలలోనే రాష్ట్రాలకు లేఖ రాయవలసి వచ్చింది. ఆ వారమే మా అపార్టుమెంటు గ్రూపులో ఒకరు "విదేశీయులున్న ఫ్లాటు వివరాలు పోలీసులకు ఇద్దాం" అని పెట్టారు. ఏం రాయాలో తోచక అక్షరాలు కొడుతూ చెరుపుతూ కూర్చున్నాను. ఇంతలో రెండో అంతస్తు పిన్నిగారు గొంతు రికార్డు చేసి పంపారు: "ఆ అమ్మాయిది మణిపూర్, మన దేశమే. అయినా విదేశీయురాలైతే మాత్రం ఇలా రాయవచ్చా?" వెనక కుక్కర్ ఈల కూడా వినిపించింది. మొదటి మాట నా చిరునామాను సరిచేసింది. నాకు ధైర్యం ఇచ్చింది మాత్రం ఆ రెండో మాటే. మీ గ్రూపులోని అమ్మాయి నిజంగానే విదేశీయురాలు కదా, ఆమె కోసం ఎవరైనా అనవలసినది కూడా అదే.

ఒక సంగతి చెప్పాలి. నేను వచ్చిన తొలి మూడేళ్ళు వినాయక చవితి చందా పుస్తకం మా గుమ్మం దగ్గర ఆగేది కాదు, మా ఆయన మెట్ల మీద కనిపిస్తే ఆయన దగ్గర తీసుకునేవారు. అది మర్యాద అనే వారు అనుకున్నారు. 2021లో పందిరి ఖర్చుల లెక్క రాసే పనిని గ్రూపులో నా పేరు పెట్టి అప్పగించారు. ఎనభై రూపాయలు తేడా వచ్చి రాత్రి పదకొండు దాకా అందరూ నన్నే నిలదీస్తుంటే, ఈ ఇంటి మనిషిని అయ్యానని ఆనాడే అనిపించింది. ఆమె తిరిగి వస్తే అతిథిలా చూడకండి, ఒక ఆదివారం దారి నిర్ణయించే పని ఆమెకే ఇవ్వండి.

పటమట సైక్లిస్టు, విజయవాడ

అందరికీ కృతజ్ఞతలు. శుక్రవారం ఆమెకు రాశాను. గంట తరువాత ఒకే ప్రశ్న వచ్చింది: "ఆ రోజే చూశారా?" చూశానని జవాబిచ్చాను. ఆపైన ఏమీ రాలేదు.

శనివారం గ్రూపులో రాశాను. నవ్వు గుర్తు పెట్టినవారిలో నలుగురు దాన్ని తీసేశారు, ఇద్దరు గ్రూపు వదిలి వెళ్ళారు. ఆ వ్యాఖ్య చేసినాయన ఫోను చేసి చాలాసేపు వాదించారు, చివరికి ఆమె నంబరు అడిగారు. ఆమెను అడగకుండా ఇవ్వనన్నాను.

నిన్న రాత్రి ఆదివారం దారి ఎప్పటిలాగే గ్రూపులో పెట్టి, ఆమెకు కూడా విడిగా పంపాను: 5:15కి, బ్యారేజీకి సీతానగరం వైపు చివర. నేను అయిదింటికే అక్కడ ఉంటాను.