స్వస్తిక్ ముద్ర గీత మీద పడితే ఓటు ఎవరిది?

పల్లె_ఏజెంట్: మా ఊరి సర్పంచ్ లెక్కింపులో ఏజెంటుగా కూర్చున్నా. ఒక గులాబీ బ్యాలెట్‌లో ముద్ర రెండు గడుల మధ్య పడింది. ఎక్కువ భాగం మావాడి గడిలోనే ఉంది. అయినా చెల్లదని పక్కన పెట్టారు. ఇది న్యాయమేనా?

లెక్కింపు_మాస్టారు: ముద్ర కొస అవతలి అభ్యర్థి గడిలోకి వెళ్ళిందా? కొంత ఖాళీ జాగాలో, కొంత ఒకే గడిలో ఉంటే ఆ ఓటు మీవాడిదే. రెండు గడుల్లోనూ పడి, ఎవరికో తేలకపోతే తీసేస్తారు. ముద్ర మసకగా ఉన్నా, ఒకే గడిలో రెండుసార్లు వేసినా చెల్లుతుంది. మడతపెట్టినప్పుడు సిరా అంటుకుంటే స్వస్తిక్ తిరగబడి కనిపిస్తుంది కాబట్టి అసలుదేదో ఇట్టే తెలుస్తుంది.

పల్లె_ఏజెంట్: కొస వెళ్ళింది సార్, కొంచెమే.

లెక్కింపు_మాస్టారు: అలాంటప్పుడు నిర్ణయం అధికారిదే. నేనైతే ఎక్కువ భాగం ఎటుందో చూసేవాణ్ణి. నాకు బాధనిపించేది వేలిముద్ర ఓట్లు. ఎవరికి వేశారో స్పష్టంగా తెలుస్తున్నా తీసేయాల్సిందే. ఓటరును గుర్తుపట్టే వీలుంటే రహస్యం పోతుంది, పైగా అది మనమిచ్చిన ముద్ర కాదు.

నేరేడ్‌మెట్_వాసి: సిబ్బందే తప్పు ముద్ర ఇస్తే? 2020 జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) ఎన్నికల్లో అదే జరిగింది. కొన్నిచోట్ల స్వస్తిక్‌కు బదులు పోలింగ్ కేంద్రం ముద్ర పడింది. ఉద్దేశం తెలిస్తే లెక్కించమని ఎన్నికల సంఘం చెప్పింది, హైకోర్టు ఆపింది. మా డివిజన్‌లో అలాంటి ఓట్లు ఆధిక్యం కంటే ఎక్కువ. ఫలితం కోసం రోజుల తరబడి టెన్షన్. ఓటరు చేయని తప్పుకు ఓటరు ఓటు పోకూడదని నా గట్టి అభిప్రాయం.

చట్టం_చదివా: చండీగఢ్ మేయర్ ఎన్నికలో సుప్రీంకోర్టు అదే చెప్పింది కదా. 2024 జనవరిలో ప్రిసైడింగ్ అధికారే 8 బ్యాలెట్ల మీద గీతలు గీసి చెల్లవన్నాడు. ఓటు ఎవరికో స్పష్టంగా ఉందని ఫిబ్రవరి 20న కోర్టు ఆ ఎనిమిదీ లెక్కలోకి తీసుకుంది.

పట్టభద్రురాలు: పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు ఇంకా కఠినం. నచ్చిన అభ్యర్థి పేరు ఎదురుగా 1 అంకె వేయాలి, టిక్కు పెడితే పోయినట్టే. డిగ్రీ ఉన్నవాళ్ళవే వేలల్లో పోతున్నాయి.

లెక్కింపు_మాస్టారు: ఏజెంట్ గారూ, అసెంబ్లీ, పార్లమెంటు బ్యాలెట్లకు 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 56వ నిబంధన ఉంది. తిరస్కరించే ముందు ఏజెంట్లకు చూపించాలి, కారణం బ్యాలెట్ మీద రాయాలి. ఈసారి పక్కన పెట్టేలోపే అడగండి. ఫలితం ప్రకటించకముందే రీకౌంటింగ్ రాతపూర్వకంగా కోరండి.