కనకాంబరాన్ని క్రాసాండ్రా అంటారెందుకు?

ప్రశ్న: నర్సరీలో కనకాంబరం కుండీకి ‘క్రాసాండ్రా’ అని చీటీ కట్టారు. క్రాస్ అంటే సంకరజాతి అనుకోవాలా? మన పేరులోని అంబరం ఆకాశమా, బట్టా? మరాఠీవాళ్ల అబోలికీ మన పేరుకూ ఎక్కడా పోలికే లేదు, అదెలా?

జవాబు 1: సంకరంతో ఏ సంబంధమూ లేదండీ. గ్రీకులో క్రోసోస్ అంటే కుచ్చుల అంచు, ఆండ్రోస్ మగవాడికి చెందిన మాట. వృక్షశాస్త్రంలో మగ అంటే కేసరం. ఈ పువ్వు కేసరాలు నాలుగూ సన్నటి గొట్టంలో దాక్కుంటాయి, పైకి కనబడవు. గొట్టాన్ని పిన్నుతో నిలువునా చీల్చి భూతద్దం పెడితే పుప్పొడి తిత్తుల నూగు తెలుస్తుంది, ఆ కుచ్చు అదే. ప్రజాతికి, అంటే దగ్గరి చుట్టాలైన మొక్కల గుంపుకు, ఈ పేరు 1805లో ఇంగ్లీషు వృక్షశాస్త్రజ్ఞుడు సాలిస్‌బరీ పెట్టాడు. అంతకు ముందు 1759లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ అయితే దీన్ని మన అడ్డసరంతో కలిపి జస్టీషియా అనే ప్రజాతిలో వేశాడు. శాస్త్రీయ నామంలో ‘ఇన్ఫండిబులిఫార్మిస్’ అన్న రెండో ముక్క ఆయనదే, లాటిన్‌లో గరాటు ఆకారం అని.

జవాబు 2: అంబరం బట్టే. పీతాంబరం ఎలాగో ఇదీ అలాగే: కనక + అంబరం, సవర్ణదీర్ఘ సంధి. తమిళం, కన్నడం, మలయాళంలోనూ ఇదే మాట. తమాషా ఏమిటంటే, బట్ట పేరు పువ్వుకొచ్చింది, మళ్లీ పువ్వు పేరు బట్టకెక్కింది. చీరల కొట్లో ‘కనకాంబరం రంగు’ అంటే పసిడి తీయరు, నారింజే తీస్తారు. ఇక అబోల్ అంటే మాట్లాడనిది. వాసన లేదు గనక మూగపువ్వు అన్నారని చెప్పుకుంటారు.

జవాబు 3: ఇంగ్లీషులో ఫైర్‌క్రాకర్ ఫ్లవర్, అంటే టపాకాయ పువ్వు. ఇది రంగును చూసి పెట్టారనుకుంటారు గానీ, అసలు సంగతి కాయలో ఉంది. ఎండిన కాయకు తడి తగిలితే టప్పున పగిలి గింజలు దూరంగా చిమ్ముతుంది. కాయకు నాలుగు గింజలే గనక ఒక్క వాన పడిందా, కంకి ఖాళీ. గింజ కావాలంటే గోధుమరంగుకు తిరిగిన కంకుల్ని పొడిగా ఉన్నప్పుడే కోసి, పల్చటి గుడ్డసంచిలో వేసి, నీళ్లు చిలకరించి మూతి కట్టేయండి. అందులోనే పగులుతాయి. గింజల్ని వెంటనే నీడన ఆరబెట్టాలి.

చీటీ మీద ‘ఢిల్లీ’ అని కూడా ఉందేమో చూడండి. ఆ రకం ట్రిప్లాయిడ్, అంటే క్రోమోజోములు మామూలుగా ఉండే రెండు వరసలకు బదులు మూడు వరసలున్నది; గింజ కట్టదు, కొమ్మ ముక్కలే నాటాలి. ఏ రకమైనా కుండీలోంచి కాస్త లేపి వేళ్లు చూడండి. బుడిపెలుంటే నులిపురుగు పట్టినట్టే. కొనకండి, మీ మట్టికీ అంటుతుంది.

అడిగినవారు: ‘ఢిల్లీ’ అనే ఉందండీ. అయితే కొమ్మలే నాటుతాను.