‘గాడ్ సేవ్ ద కింగ్’ కథ పిల్లలకు ఎంతవరకు చెప్పాలి?

లీడ్స్ అమ్మ: మా పాపకు ఎనిమిదేళ్లు. బళ్లో బ్రిటన్ జాతీయగీతం ‘గాడ్ సేవ్ ద కింగ్’ (దేవుడా, రాజును కాపాడు) నేర్పారట. ఇంటికొచ్చి, "అమ్మా, రాజుగారికి ఏమైంది? కాపాడమని దేవుణ్ణి ఎందుకు అడుగుతున్నారు?" అంది. రాజుగారు చల్లగా ఉండాలని దీవెన అంటే సరిపోతుందా, కథంతా చెప్పాలా?

చరిత్ర మాస్టారు: కథే చెప్పండమ్మా. పాప సరైన చోటే పట్టుకుంది. 1745లో రాజుకు నిజంగానే ముప్పొచ్చింది. అప్పటి రాజు రెండో జార్జి. గద్దె మా వంశానిదేనంటూ చార్లెస్ ఎడ్వర్డ్ స్టువర్ట్ స్కాట్లండ్‌లో దిగి సైన్యాన్ని కూడగట్టాడు. సెప్టెంబరు 21న ఎడిన్‌బరో దగ్గర ప్రెస్టన్‌పాన్స్‌లో రాజు సేనను చిత్తుగా ఓడించాడు. ఆ కబురుకు లండన్ బెంబేలెత్తింది. వారం తిరిగేసరికి, 28వ తేదీ రాత్రి, డ్రూరీ లేన్ నాటకశాలలో నాటకం ముగిశాక నటీనటులు ఈ పాట ఎత్తుకున్నారు. థామస్ ఆర్న్ సంగీతం కూర్చాడు. జనం మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. భయపడ్డ ఊరు పెట్టుకున్న మొర అది. పాట ఆ రాత్రే పుట్టింది.

సంగీతం టీచర్: చివరి మాట ఒప్పుకోనండి. అంతకు ముందే, 1744 ప్రాంతంలో, ఒక పాటల సంకలనంలో అచ్చయింది. ఆ రాత్రి ఊరందరి నోటికీ ఎక్కింది, అంతే. రాసిందెవరో ఇప్పటికీ తేలలేదు. బాణీకి జాన్ బుల్ అనే పాతకాలపు స్వరకర్త పేరు చెబుతారు. మా నాన్నే రాశాడని కవి హెన్రీ కేరీ కొడుకు వాదించాడు, పింఛను కోసం ప్రయత్నించాడు కూడా. పిల్లలకు ఒక్క పేరు చెప్పి బట్టీ పట్టించకండి, దయచేసి. యూరప్‌లోని చిన్న దేశం లీక్టెన్‌స్టైన్ జాతీయగీతానికీ ఇదే బాణీ అని వినిపించండి, కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

గ్లాస్గో కోడలు: మరి రాజు సేనాని మార్షల్ వేడ్ పేరున్న పాత చరణం సంగతి? తిరగబడ్డ స్కాట్‌లను అణచాలని దేవుణ్ణి వేడుకున్నారు. మా బాబు క్లాసులో సగం మంది స్కాటిష్ పిల్లలే. ‘మొర’ అని ముద్దుగా చెబితే వాళ్ల వైపు కథ మాయమవుతుంది. నా మటుకు, చెబితే రెండు వైపులా చెప్పాలి, లేదా ఇంకో నాలుగేళ్లు ఆగాలి.

చరిత్ర మాస్టారు: టీచర్‌గారూ, తప్పు నాదే, దిద్దుకున్నాను. అమ్మా, ఆ చరణాన్ని ఇప్పుడెవరూ పాడరు. అయినా దాచకూడదన్న మాట నిజమే. కానీ అర్థం అడిగితే నేను మూడో చరణం దగ్గర ఆగుతాను. రాజు మా చట్టాలను కాపాడాలి, మేం మనసారా పాడేందుకు ఎప్పుడూ కారణం కల్పించాలి అంటుంది అది. దీవిస్తూనే రాజు మీద ఒక బాధ్యత పెట్టారు. అసలు ఈ పాటను జాతీయగీతం చేస్తూ బ్రిటన్‌లో చట్టమేదీ లేదు, వాడుకలోనే నిలిచింది.

లీడ్స్ అమ్మ: రాత్రి పాపకు ప్రెస్టన్‌పాన్స్ కథ, ఓడిన వైపూ గెలిచిన వైపూ చెప్పి, మూడో చరణం చదివాను. "రాజుగారు చట్టాన్ని కాపాడకపోతే పాడక్కర్లేదా మరి?" అంది. మాస్టారూ, దీనికేం చెప్పమంటారు?