మోటుపల్లి శాసనంతో పాఠం మొదలుపెట్టా, తర్వాత ఎలా నడపాలి?

ఏడో తరగతికి కాకతీయుల పాఠం ఈసారి మోటుపల్లి రేవులో ఓడ వర్తకులకు భరోసా ఇస్తూ గణపతిదేవుడు వేయించిన అభయ శాసనంతో (1244) మొదలుపెట్టాను. తుపానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పాత రాజులు లాగేసుకునేవారని, తాను సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని రాజు చెప్పిన భాగాన్ని తేలిక తెలుగులో రాసిచ్చాను. గంధం, కర్పూరం, ముత్యాల సుంకాలు చూసి పిల్లలు భలే హుషారయ్యారు.

ఇంతలో ఒకమ్మాయి, "రాజు మాట నిలబెట్టుకున్నాడని మనకెలా తెలుసు సార్?" అంది. జవాబు నేనే చెప్పేస్తే ఇక వాళ్లు వెతికేదేముంది! మార్కోపోలో రాతలున్నాయి గానీ, ఆయన ధ్యాసంతా ఇక్కడి వజ్రాల మీదే. వర్తకుల వైపు నుంచి పిల్లలకు అర్థమయ్యే ఆధారం ఏది చూపించొచ్చు? 50 మంది క్లాసులో, ఒక్క పీరియడ్‌లో ఇలాంటి చర్చ ఎలా నడుపుతారు? సిలబస్ టెన్షన్ ఎటూ ఉండనే ఉంది. చేసి చూసినవాళ్లు కాస్త చెప్పండి.