డియోసిల్: సవ్యదిశా, ప్రదక్షిణమా?

ప్రశ్న: విక్కా మీద పరిచయ వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. బ్రిటన్‌లో మంత్రవిద్య చట్టం 1951లో రద్దయ్యాక జెరాల్డ్ గార్డ్‌నర్ ప్రచారంలోకి తెచ్చిన పేగన్ మార్గం ఇది, అంటే క్రైస్తవానికి ముందటి యూరప్ ఆరాధనల స్ఫూర్తితో నడిచేది. పూజకు ముందు నేల మీద వలయం గీసి ‘డియోసిల్’గా తిరుగుతారు. ముగింపులో కొందరు ‘విడర్‌షిన్స్’గా తిరిగి దాన్ని విప్పేస్తారు. వీటికి సవ్యదిశ, అపసవ్యదిశ అని రాశాను. సరిపోతాయా?

జవాబు 1: లెక్కల పుస్తకంలో సరిపోతాయి గానీ ఇక్కడ వద్దండి. సంస్కృతంలో సవ్యం అంటే ఎడమ. ఎడమచేత్తోనూ బాణం వేస్తాడు కనుకే అర్జునుడు సవ్యసాచి. జంధ్యం ఎడమ భుజం మీదుంటే సవ్యం, పితృకార్యంలో కుడి భుజానికి మారిస్తే అపసవ్యం. తద్దినాలు పెట్టే ఇళ్లలో ఈ మాటలు వింటే జంధ్యమే గుర్తొస్తుంది, గడియారం ముల్లు కాదు.

ప్రదక్షిణం అనండి. అర్థం కుదరడం ఒక్కటే కాదు, చుట్టరికమూ ఉంది. డియోసిల్ గేలిక్ మాట, స్కాట్లండ్ వాళ్ల నోట దాదాపు ‘జెషల్’. దాని వెనకున్న పాత ఐరిష్ ‘దెస్’, లాటిన్ ‘డెక్స్‌టర్’, మన ‘దక్షిణ’ ఒకే మూలం నుంచి వచ్చాయి. ‘దెస్’ అంటే కుడి, దక్షిణ దిక్కు కూడా. మన మాటకూ అవే రెండర్థాలు. తూర్పుకు తిరిగి నిలబడితే కుడిచేయి దక్షిణానికే కదా.

జవాబు 2: మాట కుదిరింది, వివరణ దగ్గర జాగ్రత్త. ‘కుడివైపుకు కదలాలి’ అని రాశారో, చదివినవాళ్లు ఎదురు తిరుగుతారు. వలయంలో అందరూ లోపలికి ముఖం పెట్టి నిలబడ్డప్పుడు ప్రదక్షిణంగా కదలాలంటే అడుగు ఎడమకు పడాలి. నడిచేవాళ్లకైతే మధ్యభాగం కుడిచేతి వైపు ఉండాలి, గుడిలో లాగే. రెండూ విడివిడిగా రాయండి.

కొలత కూడా చూసుకోండి. సంప్రదాయ వలయం వ్యాసం 9 అడుగులు: మధ్యలో మేకు, దానికి 4.5 అడుగుల తాడు. ‘9 అడుగుల కైవారం’ అంటే చుట్టుకొలత అయిపోతుంది. అడ్డం మూడడుగులు కూడా రాదు, అందులో పూజబల్ల పెడితే మనిషికి చోటుండదు.

ప్రశ్న: దిక్కులకు మన అష్టదిక్కుల పేర్లు వాడొచ్చా?

జవాబు 2: వద్దు. వాళ్ల లెక్కలో సాధారణంగా తూర్పు గాలి, దక్షిణం నిప్పు, పడమర నీరు, ఉత్తరం నేల. తూర్పుతో మొదలుపెట్టి ఇదే వరసలో పిలుస్తారు. నిప్పు అనగానే ఆగ్నేయం, గాలి అనగానే వాయవ్యం అని చేయి అలవాటుగా రాసేస్తుంది. అలా రాస్తే వరసే చెడుతుంది. మనతో కలిసేది పడమర ఒక్కటే, వరుణుడి పుణ్యమా అని.

జవాబు 3: విడర్‌షిన్స్‌కు అప్రదక్షిణం తప్ప వేరే మాట దొరకదు. కాకపోతే తెలుగువాళ్లకు అది అపరకర్మల వాసన కొడుతుంది. ఇక్కడ చేస్తున్నది వేసిన వలయాన్ని విప్పడమే. ‘వలయాన్ని విప్పుతూ అప్రదక్షిణంగా’ అని క్రియ కలిపి రాస్తే ఆ శంక రాదు.

‘విచ్’కు మంత్రగత్తె, వాళ్ల ‘క్రాఫ్ట్’కు చేతబడి అని మాత్రం రాయకండి. ఆ అనుమానంతో మన పల్లెల్లో మనుషుల్ని కొట్టి చంపిన కేసులున్నాయి. విక్కా సాధకురాలు అంటే చాలు. పేగన్‌ను కూడా అలాగే ఉంచండి. ‘అన్యమతస్థుడు’ అనేది ఎదుటివాడు పెట్టే పేరు, ఎవరూ తమ గురించి తాము చెప్పుకునేది కాదు.

జవాబు 1: ఇంకొకటి. మీ పాఠకుల్లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తెలుగువాళ్లుంటే ఒక వాక్యం చేర్చండి. అక్కడ సూర్యుడు ఉత్తరం మీదుగా పోతాడు. అందుకే అక్కడి సాధకులు చాలామంది నిప్పును ఉత్తరానికి మార్చి, వలయాన్ని గడియారానికి ఎదురుగా తిరుగుతారు. డియోసిల్ అంటే సూర్యుడు పోయే వైపు తిరగడం, వాళ్ల లెక్కలో సూర్యుడి వెంట నడవడం అదే. అక్కడ ‘ప్రదక్షిణం’ అని రాస్తే తప్పవుతుంది, ‘సూర్యుడి వెంట’ అనండి.