ముసాయిదా మాస్టర్ ప్లాన్ మీద అభ్యంతరం: కౌన్సిల్ తీర్మానం చాలునా?

ప్రశ్న:
అనంతపురం జిల్లాలో మాది చిన్న మున్సిపాలిటీ. పట్టణాభివృద్ధి సంస్థ ముసాయిదా ప్లాన్‌లో మా కాలనీలోని 40 అడుగుల రోడ్డును 100 అడుగులుగా చూపించారు. లేఅవుట్ పార్కుకు నివాస జోన్ రంగు వేశారు. కౌన్సిల్ ‘వ్యతిరేకిస్తున్నాం’ అని తీర్మానించి పంపింది. అది చాలునా? మేం విడిగా రాయాలంటే ఏమేం జతపరచాలి?

జవాబు 1:
చాలదన్నా. 2016 నాటి పట్టణాభివృద్ధి సంస్థల చట్టం ప్రకారం ప్లాన్ తయారుచేసేది సంస్థే. దాని ముందర మున్సిపాలిటీ కూడా అభ్యంతరం చెప్పుకునే పార్టీయే, కాకపోతే కాస్త బరువున్న పార్టీ. ఒక్క వాక్యం తీర్మానం పంపితే ‘పరిశీలించాం’ అని ఒక్క మాటతో జవాబొస్తుంది. తీర్మానంలో సర్వే నంబర్లు, ఇప్పుడున్న రోడ్డు వెడల్పు, పోయే ఇళ్ల సంఖ్య, ప్రత్యామ్నాయ దారి ఉండాలి. టౌన్ ప్లానింగ్ విభాగం గీసిన స్కెచ్ జతచేయాలి.

రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో (మున్సిపాలిటీలకు అప్పగించదగిన పనుల జాబితా) మొదటి అంశం పట్టణ ప్రణాళికే కదా అని చాలామంది దాని మీదే వాదిస్తారు. 243డబ్ల్యు అధికరణం ప్రకారం ఆ అధికారాలు రాష్ట్రం చట్టం చేసి ‘ఇవ్వవచ్చు’, ఇచ్చి తీరాలని లేదు. అందుకని ఆ ఒక్క వాదనతో గెలవలేరు. కొలతలే గెలిపిస్తాయి.

జవాబు 2 (సర్వే పని తెలిసినవారు):
జిరాక్సు పటం మీద స్కేలు పెట్టి కొలవద్దప్పా. కాపీ తీసేటప్పుడే సైజు మారిపోతుంది. పటం 1:10,000 అయితే ఒక మిల్లీమీటరు నేల మీద 10 మీటర్లు. 100 అడుగులంటే సుమారు 30 మీటర్లు, పటంలో 3 మిల్లీమీటర్ల గీత. అది అర మిల్లీమీటరు జరిగితే నేల మీద 5 మీటర్లు. ఇంటి ముందర గది పోవడానికి అంత చాలు. అందుకే జీఐఎస్ ఫైలు, అంటే కంప్యూటర్లో కచ్చితంగా కొలవగలిగే పటం (షేప్ ఫైలు గానీ, కేఎంఎల్ గానీ) అడగండి. దాని మీద మీ సర్వే నంబరు ఎఫ్ఎంబీని (హద్దుల కొలతలున్న సర్వే పటం) పెట్టి చూడండి.

పాత ఎఫ్ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. లింకు అంటే 7.92 అంగుళాలు, దాదాపు 20 సెంటీమీటర్లు. దాన్ని మీటరనుకుని ఎక్కిస్తే అయిదింతలు తప్పు. ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

మీ లెక్క ఇట్లా వస్తుంది: 40 అడుగులంటే 12 మీటర్లు. 30 మీటర్లు చేయాలంటే రెండు పక్కలా 9 మీటర్ల చొప్పున పోతుంది. 60 అడుగులకు, అంటే 18 మీటర్లకు తగ్గించమంటే ఒక్కో పక్క పోయేది 3 మీటర్లే. ఒక పక్క ప్రభుత్వ పోరంబోకు ఉంటే వెడల్పంతా అటే చేయమని అడగొచ్చు. ‘రోడ్డు వద్దు’ కంటే ఇట్లాంటి ప్రతిపాదననే అధికారులు ఫైల్లో రాయగలుగుతారు.

జవాబు 3:
పార్కు సంగతి. లేఅవుట్‌లో ఖాళీ స్థలాన్ని రిజిస్టరు గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు రాసివ్వాలి. అది జరగకపోతే రికార్డుల్లో లేఅవుట్ వేసినవారి పేరే ఉంటుంది. ప్లాన్ గీసేటప్పుడు ఉపగ్రహ చిత్రంలో ఖాళీ నేల కనిపిస్తుంది, నివాస రంగు వేసేస్తారు. ముందు ఆ సర్వే నంబరుకు ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయండి. గిఫ్ట్ డీడ్ ఉంటే దాని నకలు, ఆమోదం పొందిన లేఅవుట్ నకలు జతచేయండి. లేకపోతే లేఅవుట్ నకలుతో అభ్యంతరం వేస్తూనే, డీడ్ రాయించుకోమని మున్సిపల్ కమిషనర్‌కు వేరే అర్జీ పెట్టండి.

అడిగినవారు:
సంతోషం అన్నా. ఆ రోడ్డు మా వంక గట్టు మీదుగా కూడా పోతుంది. అది రాయొచ్చా?

జవాబు 2:
తప్పకుండా. తహశీల్దారు కార్యాలయంలో డైగ్లాట్ (ఏ సర్వే నంబరు ఏ రకం భూమో రాసిన పాత రిజిస్టరు) నకలు తీసుకోండి. వంక పోరంబోకని ఉంటే బలమైన ఆధారం. 2017 భవన నిబంధనల ప్రకారం 10 మీటర్ల వెడల్పు దాటిన వంకకు 9 మీటర్లు, అంతకు లోపుదైతే 2 మీటర్లు వదిలి కట్టాలి. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగిన సంగతి కూడా రాయండి. గట్టు మీద రోడ్డేస్తే నీళ్లు ఎటు పోతాయో చెప్పమనండి.

జవాబు 1:
ఇక పంపే పద్ధతి. 200 సంతకాలతో ఒకే అర్జీ ఇస్తే పడేది ఒకే నంబరు. సర్వే నంబరుకొకటి చొప్పున విడివిడిగా ఇవ్వండి. ప్రకటనలో ఉన్న అధికారి హోదా పేరిట రాసి, ఆ కార్యాలయం తపాలా విభాగంలో తేదీ ముద్ర వేయించుకోండి. ఇంకో ప్రతి స్పీడ్ పోస్టులో పంపండి. గడువు ఏ తేదీ నుంచి లెక్కో ప్రకటనలోనే చూడండి, పేపర్లో చదివిన రోజు నుంచి కాదు.

10 రూపాయల ఆర్టీఐ దరఖాస్తు కూడా వేయండి. ‘ఎందుకు గీశారు’ అని అడిగితే సమాచారం లేదంటారు. అభ్యంతరాల రిజిస్టరు నకలు, కౌన్సిల్ తీర్మానం ఇన్‌వర్డ్ నంబరు, ఆ రోడ్డు ప్రతిపాదన నోట్ ఫైలు అని పత్రాల పేర్లతో అడగండి. గడువు 30 రోజులు. అభ్యంతరాల గడువు అంతకు ముందే ముగిసేటట్టుంటే దీని కోసం ఆగొద్దు.

అడిగినవారు:
ప్లాన్ ఖాయమైతే స్థలం పోయినట్టేనా?

జవాబు 1:
గీత పడినంత మాత్రాన పోదు. తీసుకోవాలంటే భూసేకరణ జరపాలి, లేదా మీ ఒప్పుదలతో టీడీఆర్ బాండు (పోయిన స్థలానికి బదులు వేరేచోట వాడుకోగల, అమ్ముకోగల నిర్మాణ హక్కు పత్రం) ఇవ్వాలి. కానీ మీరు కొత్త ఇంటికో, పై అంతస్తుకో అనుమతి అడిగిన రోజే ఆ 9 మీటర్లు వదలమంటారు. బ్యాంకు అప్పుకు పోయినా అదే అడ్డం. కాబట్టి ముసాయిదాగా ఉన్నప్పుడే తేల్చుకోండి.