29 వారాలకే పుట్టిన పాప ఇంటికొస్తోంది, గుండె దగ్గరి నాళం (పీడీఏ) ఇంకా మూసుకోలేదు

గోదారి_గట్టు:
పాప పుట్టినప్పుడు 1,150 గ్రాములు. ఊపిరితిత్తులు తెరుచుకోవడానికి సర్ఫాక్టెంట్ మందు ఒక డోసు, ముక్కులోంచి ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ 11 రోజులు, మొత్తం 54 రోజులు ఎన్ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ). పీడీఏకి పారాసిటమాల్ ఇచ్చారు. సన్నబడింది గానీ పూర్తిగా మూసుకోలేదు, మూడు నెలలకి మళ్ళీ ఎకో (గుండె స్కాన్) అన్నారు. ఎల్లుండి డిశ్చార్జి. అది దానంతటదే మూసుకుంటుందా? ఇంట్లో పల్స్ ఆక్సీమీటరు ఉండాలా? స్నానం చేయించాక సాంబ్రాణి పొగ వెయ్యాల్సిందేనని మా అత్తగారు, ఏం చెప్పాలి? అన్నట్టు, సికింద్రాబాద్ నుంచి రాజమండ్రికి రైల్లో తీసుకెళ్ళొచ్చా?

చిన్నోడి_అమ్మ:
మావాడు 27 వారాలు. గర్భం లెక్కలో 36 వారాలు వచ్చినా ఆక్సిజన్ వదల్లేదు, బీపీడీ (ముందు పుట్టిన పిల్లల ఊపిరితిత్తుల జబ్బు) అన్నారు. సిలిండరుతోనే ఇంటికొచ్చాం. మొదటి చలికాలం జలుబుకే రెండుసార్లు ఆసుపత్రి. జలుబుతో వచ్చిన ఆడపడుచుని గుమ్మంలోంచే పంపేశా. రెండేళ్ళు మాటల్లేవు. పోనీండి, వాడిప్పుడు మెట్లన్నీ పరిగెత్తి ఎక్కుతున్నాడు.

మేడమీద_మల్లె:
గుండెకి చిల్లు ఉన్న పాపని అన్ని రోజులకే పంపేస్తున్నారా! సాంబ్రాణి మాత్రం మానొద్దు. మా ముగ్గురు పిల్లలకీ వేశాం, ఒక్కరికీ దగ్గు లేదు.

నర్సమ్మ_2:
చిల్లు కాదండీ. 19 ఏళ్ళు ఎన్ఐసీయూలో చేశాను, ఈ మాట చెప్పీ చెప్పీ గొంతు పోయింది. కడుపులో బిడ్డకి ఊపిరితిత్తులతో పనిలేదు కాబట్టి రక్తం వాటిని తప్పించుకుని పోయే నాళం అది. నెలలు నిండిన పిల్లల్లో పుట్టిన రెండు మూడు రోజుల్లో మూసుకుపోతుంది. ముందు పుట్టినవాళ్ళలో తెరిచే ఉండిపోతే, బృహద్ధమనిలోంచి రక్తం వెనక్కి ఊపిరితిత్తుల్లోకి పొంగుతుంది. సన్నవి చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి. కానీ పాలు తాగుతూ ఆయాసపడి ఆగినా, నుదుట చెమట పట్టినా, డొక్కలు ఎగరేసినా మూడు నెలల దాకా ఆగకండి. మల్లె గారూ, మీ ముగ్గురు పిల్లలూ ఎన్నో వారంలో పుట్టారు?

మేడమీద_మల్లె:
నిండు నెలలే. అయితే? మా నాయనమ్మ ఏడో నెలలో పుట్టింది, 88 ఏళ్ళు బతికింది, రోజూ పొగే. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డే బతకదు.

కోడింగ్_కాకి:
అమ్మా, ఊపిరితిత్తులు వారం వారం ముదురుతాయి. ఏడుకి ముదిరి ఎనిమిదికి లేతబడతాయా?

మేడమీద_మల్లె:
పెద్దల మాటంటే వెటకారం. ఇక ఈ చర్చలోకి రాను.

సిలిండర్_శీను:
పది జిల్లాల్లో కాన్సంట్రేటర్లు (గాలిలోంచి ఆక్సిజన్ తీసే మిషన్లు) బాగుచేసినవాణ్ణి, నా మాట వినండి. ఇంట్లో ఆక్సిజన్ ఉంటే పొగ సంగతి తర్వాత, నిప్పే ఉండకూడదు. దుప్పటి మీద ఒక్క రవ్వ పడితే చాలు. పెద్దవాళ్ళ వేలి క్లిప్పు పాపకి పనికిరాదు, అరికాలికి చుట్టే ప్రోబ్ కావాలి. అదీ కాలు ఆడిస్తే అంకె పడిపోతుంది, అర్ధరాత్రి మీ ప్రాణం పోతుంది. పాప రంగు చూడండి ముందు.

మేడమీద_మల్లె:
గోదారి గారి పాపకి ఆక్సిజన్ పెట్టారని ఎవరన్నారు? చదివి మాట్లాడండి.

నర్సమ్మ_2:
ఆక్సిజన్ లేకపోయినా పొగ పొగే. సాంబ్రాణైనా, పిడకలదైనా, మావయ్యగారి సిగరెట్టైనా.

రిటైర్డ్_మాస్టారు:
1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు పాట్రిక్ అయిదు వారాలకు పైగా ముందే పుట్టాడు. 2.1 కిలోల బరువున్నా ఊపిరితిత్తులు తెరుచుకోక 39 గంటల్లో పోయాడు. జపాన్‌లో ఫుజివారా బృందం ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్ వాడి చూపించింది 1980లో. అంత అధ్యక్షుడికీ దొరకని మందు ఈ పాపకి పడింది.

పుట్టింటి_పిల్ల:
మందులు తర్వాత. నాకు 30 వారాలకి నొప్పులొస్తే మొదట వెళ్ళిన చోట బిడ్డ ఊపిరితిత్తులు ముదరడానికి తల్లికిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చెయ్యకుండానే పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. రెండు గంటలు అంబులెన్సులో. బాబు పుట్టగానే వెంటిలేటర్ మీదకి వెళ్ళాడు. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

నర్సమ్మ_2:
తగ్గక్కర్లేదు. ఆ స్టెరాయిడే డెక్సామెథసోన్, 6 మిల్లీగ్రాములు, 12 గంటలకోసారి నాలుగు డోసులు. పంపేముందు మొదటిది వెయ్యాల్సింది. గోదారి గారూ, కంటి పరీక్ష అయిందా? 34 వారాల లోపు పుట్టినవాళ్ళకి ఆర్‌ఓపీ (కంటి రెటీనా జబ్బు) ఉందేమో చూపించాలి, ఎవరూ అడగలేదేం?

గోదారి_గట్టు:
అయిందండీ, రెండు వారాలకి మళ్ళీ రమ్మన్నారు. ఇంటికొచ్చేశాం, 1,980 గ్రాములు. అత్తగారికి డాక్టరు గారి చేతే చెప్పించా. సాంబ్రాణి డబ్బా అటకెక్కింది గానీ దేవుడి దగ్గర అగరొత్తులు రెండు పెరిగాయి. రైలు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

చిన్నోడి_అమ్మ:
అగరొత్తులూ వద్దు.